నడక పోలేదు, లేవడం పోయింది: ఉద్దానంలో ఒక మామ్మ కేసు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కాశీబుగ్గలో నాకు చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. వారంలో మూడు మధ్యాహ్నాలు దాన్ని మూసి, బండి మీద చుట్టుపక్కల ఊళ్లకు వెళ్తాను. నడవలేని పెద్దవాళ్లను ఆటో ఎక్కించి తేవడం ఇంట్లోవాళ్లకు ఒక పూట పని. పైగా క్లినిక్‌లో నున్నటి టైల్స్ మీద వాళ్ల నడక వేరు, సొంత ఇంటి గడప దగ్గర నడక వేరు. ఈ కేసు రాయడానికి ఆ మామ్మ, వాళ్లబ్బాయి ఒప్పుకున్నారు. పేరు, ఊరు మాత్రం రాయను. మందస మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు అనుకుంటే చాలు.

2025 జూన్‌లో మనవరాలు ఫోన్ చేసింది. "మా మామ్మకి మోకాళ్లు అరిగిపోయాయండి. నడక పూర్తిగా పోయింది. ఒకసారి ఇంటికొచ్చి చూస్తారా?"

మామ్మకి 71 ఏళ్లు, బరువు 52 కిలోలు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో 30 ఏళ్లకు పైగా కింద కూర్చుని పప్పు మీది పొట్టు తీసిన మనిషి. 11 ఏళ్లుగా షుగర్, అంతకు ముందు నుంచే బీపీ. భర్త 2022లో పోయారు. కొడుకు కొబ్బరికాయల లోడింగ్ పనికి వెళ్తాడు, కోడలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది, మనవరాలు డిగ్రీ చదువుతోంది. మామ్మ రెండేళ్లలో రెండుసార్లు పడింది. మొదటిసారి 2023లో పెరట్లో బాత్రూమ్ మెట్ల దగ్గర, రెండోసారి 2025 ఫిబ్రవరిలో వంటింటి వెనక. ఎముక విరగలేదు. కానీ ఆ రెండోసారి తర్వాత ఇంట్లో ఆమె కదలిక ఆగిపోయింది.

నేను వెళ్లేసరికి వరండాలో చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఉదయం 7 గంటలకు అక్కడ కూర్చోబెడితే మళ్లీ రాత్రి మంచం మీదకి చేర్చేదాకా అక్కడే. టీ అక్కడికే, అన్నం అక్కడికే. కొడుకు తన మాట ముందే చెప్పేశాడు. "రెండుసార్లు పడింది సార్. మూడోసారి పడితే తుంటి విరిగిపోద్ది. అందుకే అడుగు తీసి అడుగు వెయ్యనివ్వట్లేదు." ప్రేమతో అన్న మాట అది. కోడలు కుట్టుమిషను దగ్గర నుంచి ఎన్నిసార్లు లేచి వచ్చి ఆమెను పట్టుకుంటుందో ఆ గంటలోనే చూశాను.

మామ్మని అడిగితే ఇంకో రకంగా చెప్పింది. "నడవడానికేటి బాబూ, ఎవలో ఒకలు లేపితే నాలుగడుగులు ఏత్తాను. లెగడమే అవ్వట్నేదు."

ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రాసుకున్నానే గాని, అందులోనే మొత్తం కేసు ఉందని నాకు తెలియడానికి మూడు వారాలు పట్టింది.

ఏం చేయగలిగితే సంతోషంగా ఉంటుందని అడిగాను. పెద్దవాళ్ల దగ్గర ఈ ప్రశ్న అడగకుండా నేను ఏ వ్యాయామమూ మొదలుపెట్టను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వాళ్ల కొబ్బరితోటను నేలమట్టం చేసింది. ఆ దెబ్బ తినని ఇల్లు ఉద్దానంలో దాదాపు లేదు. మరుసటి ఏడాది మామ్మ, ఆమె భర్త కలిసి 40 మొక్కలు వేశారు. "ఆ మొక్కలకి గెలలొచ్చీసినాయంట. ఆయన సూడకుండానే పోనాడు. నానైనా సూడాల గదా" అంది. ఇంటి నుంచి తోటకు 350 మీటర్లు. మొదటి 100 మీటర్లు సిమెంటు రోడ్డు, మిగతాదంతా ఇసుక దారి.

మొదటి రోజు పరీక్షలు

నడవలేకపోతున్నారంటే అందరి చూపూ మోకాళ్ల మీదకే పోతుంది. నేను ముందు మోకాలు కాని వాటిని వెతుకుతాను, ఎందుకంటే వాటిలో కొన్నింటికి నా దగ్గర వ్యాయామం కాదు, ఆసుపత్రి దారి కావాలి. చేతులు ఊగకుండా, చిన్న చిన్న అడుగులతో ముందుకు తూలుతూ నడిస్తే పార్కిన్సన్స్ గురించి ఆలోచించాలి. ఒక కాలు మాత్రమే ఈడుస్తుంటే పక్షవాతం. పాదాలు నేలకు అతుక్కున్నట్టు నడవడం, మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు, ఈ మూడూ కలిసి వస్తే మెదడులో నీరు చేరిందేమో చూపించాలి. కాళ్లు బిగుసుకుని, చేతులతో జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం కూడా కష్టమైతే మెడలో వెన్నుపాము నొక్కుకుంటోందేమో. కొంత దూరం నడవగానే కాళ్లు లాగి, ముందుకు వంగి కూర్చుంటే తగ్గిపోతే నడుములో నరాల దారి ఇరుకైందేమో. మామ్మకి వీటిలో ఏ గుర్తూ కనిపించలేదు.

మోకాళ్లు అరిగిన మాట నిజమే. కుడిది ఎక్కువ. పూర్తిగా చాపితే ఇంకా 10 డిగ్రీలు వంగే ఉంటుంది. కానీ నొప్పి ఎంతని అడిగితే పదికి ఐదు అంది. పదికి ఐదు నొప్పితో పొలంపని చేసుకునే వాళ్లను ఈ ప్రాంతంలో రోజూ చూస్తాను, కాబట్టి నడక ఆగిపోవడానికి ఆ నొప్పి ఒక్కటే చాలదు. కుడికాలి మీద నిలబడితే నడుము ఎడమవైపుకి జారుతోంది, అంటే కుడి పిరుదు పక్క కండరం బలహీనం. రెండు తొడల ముందు కండరాలూ సన్నబడ్డాయి. మడమలెత్తి మునివేళ్ల మీద ఒక్కసారి కూడా నిలబడలేకపోయింది.

పాదాల కింద 10 గ్రాముల ఒత్తిడినిచ్చే నైలాన్ దారంతో తాకి చూశాను. కుడి పాదంలో బొటనవేలి కింద, చిటికెనవేలి కింద స్పర్శ లేదు. 128 హెర్ట్జ్ శృతిదండం మోగించి బొటనవేలి ఎముక మీద పెడితే కంపనం తెలియలేదు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయన్న మాట. ఇలాంటి పాదం నేల ఎక్కడుందో సరిగ్గా చెప్పలేదు, కాబట్టి మనిషి కళ్లు కిందకి దించి నేల చూసుకుంటూ నడుస్తాడు, చీకట్లో తడబడతాడు. మామ్మ మొదటిసారి పడింది కూడా తెల్లవారుజామునే.

కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చునే పరీక్ష ఒకటి ఉంది. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. మామ్మకి 31 సెకన్లు పట్టింది. చేతులు ఆనించకుండా 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో చూసే పరీక్షలో ఆ వయసు ఆడవాళ్లు కనీసం 10 సార్లు లేవాలి. మామ్మ ఒక్కసారీ లేవలేదు. 4 మీటర్లు నడవడానికి 8 సెకన్లు, అంటే సెకనుకు అర మీటరు. ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి నిలబడమంటే ఒక్క క్షణం కూడా నిలవలేదు.

బీపీ కూడా చూశాను. కుర్చీలో కూర్చోబెట్టి చూశాను, 134/80 ఉంది. బాగానే ఉందని రాసుకున్నాను.

మాత్రల డబ్బా

కోడలు తెచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో షుగర్, బీపీ మాత్రలతో పాటు నొప్పి మాత్రల అట్టలు చాలా కనిపించాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి. రోజూ ఒకటి, నొప్పి ఎక్కువైతే రెండు, నాలుగేళ్లుగా. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, ఈ చుట్టుపక్కలంతా కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో ఇక్కడ పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. దానికి అసలు కారణం ఇదీ అని ఇంతవరకు ఒక్కటిగా తేలలేదు. కానీ డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయన్నది తేలిన విషయమే. మోకాళ్ల నొప్పికి మందుల షాపు మాత్ర వేసుకోవడం ఎక్కడైనా మంచిది కాదు, ఉద్దానంలో అసలు పనికిరాదు. ఈ ప్రాంతంలో ఫిజియోథెరపీ విలువ నాకు ఎక్కువగా కనిపించేది అక్కడే. కండరం బలపడి నొప్పి తగ్గితే ఒక మాత్ర తగ్గుతుంది, ఆ మేరకు కిడ్నీకి భారం తగ్గుతుంది.

రక్తపరీక్ష చేయించమన్నాను. క్రియాటినిన్ 1.5 వచ్చింది. కిడ్నీ నెమ్మదిస్తే పెరిగే అంకె అది. పలాసలో కిడ్నీ డాక్టరుకు చూపించారు. నొప్పి మాత్రలు పూర్తిగా ఆపేశారు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ మోతాదు తగ్గించారు. ఆ మందు ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12 విటమిన్ తగ్గుతుంది, దాని వల్ల కూడా పాదాల నరాలు మొద్దుబారతాయి. ఆ పరీక్ష రాయమని నేను చీటీలో అడిగాను. బి12 తక్కువే ఉంది, దానికి మందు మొదలుపెట్టారు. కండరం పెరగాలంటే ప్రోటీన్ కావాలి కాబట్టి మామూలుగా గుడ్డు, పప్పు పెంచమంటాను. ఈ మామ్మకి ఆ మాట నా నోటితో చెప్పలేదు. కిడ్నీ నెమ్మదించిన మనిషికి ఎంత ప్రోటీన్ అన్నది డాక్టరు చెప్పాల్సిన లెక్క. రోజుకు ఒక గుడ్డు తెల్లసొన, ఒక పూట చేప అని ఆయన చెప్పారు, మేము అదే పాటించాం. టీవీలో చూసి కొడుకు కొనితెచ్చిన ప్రోటీన్ పౌడర్ డబ్బా మూత తీయకుండానే షాపుకి తిరిగి వెళ్లింది.

నా పొరపాటు

మొదటి రెండు వారాలు నేను మోకాలికి వైద్యం చేశాను. మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి మోకాలు కిందకి నొక్కడం, కూర్చుని కాలు చాపి నిలపడం, వేడి కాపడం. నొప్పి పదికి ఐదు నుంచి మూడుకి వచ్చింది. ఇంట్లో అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. నడక మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

మూడో వారం ఒకరోజు ఉదయం 6 గంటలకు మనవరాలి ఫోన్. మామ్మ మంచం మీంచి లేచి నిలబడి, అలాగే వెనక్కి మంచం మీదకి కూలబడిపోయిందట. వెంటనే వెళ్లాను. "కళ్లు సీకట్లు కమ్మీసినాయి బాబూ. పొద్దున్నే లెగిస్తే రోజూ ఇంతే. ముసిల్దాన్ని గదా అని ఊరుకున్నాను" అంది. రోజూ ఇంతే అట. నేను ఒక్కసారీ అడగలేదు.

పడుకోబెట్టి ఐదు నిమిషాలు ఆగి బీపీ చూశాను, 142/82. లేపి నిలబెట్టి ఒక నిమిషానికి చూశాను, 114/70. మూడు నిమిషాలకు 118/72. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోతే అది జబ్బు కింద లెక్క. ఈమెకు పైది 28, కిందది 12 పడిపోయింది. కూర్చోబెట్టి మాత్రమే చూసినందుకు అది నాకు మొదటి రోజు దొరకలేదు. పడిపోయిన చరిత్ర ఉన్న మనిషికి పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూడటం మాకు కాలేజీలో నేర్పే పాఠమే. నేను చూడలేదు, అందువల్ల ఆ మామ్మ మూడు వారాలు అదే ప్రమాదంలో ఉంది. ఆ రోజు నుంచి 60 దాటిన ఎవరికైనా సరే, మోకాలు ముట్టుకునే ముందు ఈ రెండు బీపీలు చూస్తున్నాను.

కారణాలు తవ్వితే రెండు బయటపడ్డాయి. బీపీ మాత్రలో మూత్రం ఎక్కువగా పోయించే మందు కలిసి ఉంది. రెండోది, మామ్మ నీళ్లు తాగడం మానేసింది. హిరమండలం నుంచి వంశధార నీళ్లు ఇంటి కుళాయికే వస్తున్నాయి, కాబట్టి నీళ్ల భయం కాదు. నీళ్లు తాగితే బాత్రూమ్‌కి లేవాలి, లేవాలంటే కోడల్ని పిలవాలి. ఆ పిల్లని అన్నిసార్లు పిలవడం ఇష్టం లేక సాయంత్రం 4 తర్వాత గుక్క నీళ్లు కూడా తాగడం లేదు. లేవలేక నీళ్లు మానేస్తే, నీళ్లు తగ్గినందుకు లేవగానే కళ్లు తిరుగుతున్నాయి.

డాక్టరు ఆ బీపీ మాత్ర మార్చి, రోజుకి ఎంత నీళ్లు తాగాలో రాసిచ్చారు. నేను లేచే పద్ధతి మార్చాను. మంచం అంచున కూర్చోవాలి. పాదాలు 20 సార్లు పైకీ కిందకీ ఆడించాలి. గుప్పిళ్లు బిగించి వదలాలి. తర్వాత లేచి, మంచం పట్టె పట్టుకుని, పది లెక్కపెట్టి, అప్పుడు అడుగు. మామ్మ పదికి బదులు పన్నెండు మంది గ్రామదేవతల పేర్లు చదువుకునేది. అది ఇంకా మంచిది, రెండు సెకన్లు ఎక్కువ.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, మొదటి రోజు మనవరాలు ఫోన్‌లో తీసిన 31 సెకన్ల వీడియో మళ్లీ చూశాను. మూడుసార్లు లేవబోయి వెనక్కి పడింది. మొత్తం 31లో లేవడానికే 12 సెకన్లు పోయాయి. నేను మొత్తం అంకె రాసుకున్నాను గాని, అందులో ఏ ముక్క ఎంత తిన్నదో చూడలేదు. "లెగడమే అవ్వట్నేదు" అని ఆమె మొదటి రోజే చెప్పింది.

ఇటుకలు

నాలుగో వారం నుంచి పని మొత్తం లేవడం చుట్టూ పెట్టాను. మొదట నులకమంచం మార్చాం. అది మధ్యలో గుంటపడి ఉంటుంది, తుంటి మోకాలి కన్నా కిందకి పోతుంది. బలమున్న వాళ్లకే దాంట్లోంచి లేవడం కష్టం. చెక్కమంచం వేసి, నాలుగు కోళ్ల కిందా రెండేసి ఇటుకలు పెట్టి ఎత్తు పెంచాం. ఇటుకలు కదలకుండా కొడుకు చుట్టూ సిమెంటు పూశాడు. ఆ ఎత్తు నుంచి మామ్మ చేతులు ఆనించకుండా లేవగలిగింది. ఆరు నెలల్లో అదే మొదటిసారి అనుకుంటాను. లేచి నిలబడి కోడలి వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

లేవడంలో ఒక కిటుకు ఉంది. చాలామంది పెద్దవాళ్లు పాదాలు ముందుకు చాపి, నడుము నిటారుగా పెట్టి పైకి లేవబోతారు, బరువు వెనకే ఉండిపోయి తిరిగి కూలబడతారు. మడమలు మోకాళ్ల కన్నా వెనక్కి లాగాలి. అంచుకి జరగాలి. ముక్కు కాలివేళ్ల మీదకి వచ్చేంత ముందుకు వంగాలి. అప్పుడు తుంటి దానంతటదే తేలుతుంది. "కింద పడ్డ జీడిపప్పు ఏరుతున్నట్టు వంగు మామ్మా" అని చెప్పాక ఆమెకు వెంటనే పట్టుబడింది.

రోజు విడిచి రోజు ఎనిమిదేసి చొప్పున రెండు విడతలు. రెండు విడతలూ సులువుగా అయిపోయిన వారం ఒక ఇటుక తీసేయడం. ఒక ఇటుక తీస్తే సుమారు మూడు అంగుళాలు తగ్గుతుంది. ఆ లోతు నుంచి ఎనిమిది సార్లు లేవడానికి మళ్లీ రెండు వారాలు. బరువుల మిషను లేని ఊళ్లో దీనికన్నా మంచి కొలత నాకు తెలియదు. దీనితో పాటు కిటికీ ఊచలు పట్టుకుని మడమలెత్తడం, కాలు పక్కకి ఎత్తడం, గోడ వెంట పక్క నడక, వంటగది గట్టు పట్టుకుని ఒక పాదం ముందు ఒక పాదం పెట్టి నిలబడటం. కాలికి కట్టే బరువు కోసం పాత చీర ముక్కలో ఇసుక పోసి కుట్టింది కోడలు. కిరాణా కొట్టులో తూచి మొదట అర కిలో, తర్వాత కిలో. పెద్దవాళ్లు పడకుండా ఉండటానికి న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో తయారైన ఇంటి వ్యాయామాల పద్ధతిలో ఉన్నవి దాదాపు ఇవే. నేను దాన్ని ఈ ఇంటికి తగ్గట్టు సర్దాను. నొప్పి విషయంలో ఒకటే నియమం చెప్పాను. చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి వస్తే ఫర్వాలేదు, మర్నాడు పొద్దుటికి కూడా తగ్గకపోతే ఆ రోజు సగమే చేయాలి. మనవరాలు తన పాత కాలేజీ నోట్‌బుక్‌లో తేదీ వేసి అన్నీ రాసింది. నేను వెళ్లని రోజుల్లో పని జరిగిందంటే ఆ పిల్ల వల్లే.

కింద నుంచి లేవడం

ఆరో వారానికి మామ్మ మంచం నుంచి, కుర్చీ నుంచి సొంతంగా లేస్తోంది. వరండాలో పది మీటర్లు నడుస్తోంది. గేటు దాటమంటే మాత్రం చేతులు వణుకుతున్నాయి. మళ్లీ పడతానని భయమా అని అడిగాను.

"పడిపోడం కాదు బాబూ. మొన్న పడ్డప్పుడు గంట సేపు అలగే ఉండిపోనాను. కేకేత్తే ఎవలూ రానేదు. సీమలు పాకీసినాయి కాళ్ల మీద."

కోడలు పక్కనే ఉంది. ఆ రోజు రేషను కోసం వెళ్లింది తను. ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు.

అప్పటిదాకా పడకుండా చూడటమే నా పని అనుకున్నాను. పడ్డాక లేవడం నేర్పితేనే ఆ భయం కదులుతుందని ఆ మాటతో అర్థమైంది. కొడుకు ఒప్పుకోలేదు. అమ్మను కావాలని కింద పడుకోబెట్టడం ఏమిటన్నాడు. తనే పక్కన ఉండి పట్టుకునేట్టు మాట్లాడుకుని, రెండు పరుపులు వేసి మొదలుపెట్టాం. ముందు ఆగి, ఎక్కడైనా దెబ్బ తగిలిందేమో చూసుకోవాలి. తుంటి నొప్పి ఉంటే కదలకూడదు. లేకపోతే పక్కకి తిరగాలి, మోచేతి మీద లేవాలి, చేతులూ మోకాళ్ల మీదకి రావాలి. పాకుతూ మంచం దగ్గరకో కుర్చీ దగ్గరకో వెళ్లాలి. దాని మీద రెండు చేతులూ ఆనించి, బలమున్న ఎడమ పాదం ముందుకు పెట్టి, పైకి లేచి తిరిగి కూర్చోవాలి. మోకాళ్ల కింద దిండు పెట్టాం. మొదటి రోజు పాకడం దగ్గరే ఆగిపోయింది. పదో రోజుకి కొడుకు చెయ్యి అడ్డం పెట్టకుండా లేచింది. 30 ఏళ్లు రోజూ నేల మీంచి లేచిన ఒళ్లు అది, దారి మర్చిపోలేదు. ప్లాస్టిక్ కుర్చీ వచ్చాక మన ఇళ్లలో పెద్దవాళ్లు నేల వదిలేశారు. మోకాలు బాగా అరిగినవాళ్లను నేల మీద కూర్చోమని నేను చెప్పను, కానీ నేల మీంచి లేవడం మాత్రం పోగొట్టుకోకూడదని నా గట్టి నమ్మకం.

ఆ తర్వాతి వారమే గేటు దాటింది.

కర్ర, చెప్పులు, ఇసుక

ఇంట్లో భర్త వాడిన వెదురుకర్ర ఉంది. మామ్మ దాన్ని కుడిచేత్తో పట్టుకునేది, కుడి మోకాలు నొప్పి కాబట్టి. నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో ఉండాలి కర్ర. కుడికాలు వేసినప్పుడు ఎడమచేతి కర్ర కూడా పడితే బరువు పంచుకుంటుంది. కర్ర ఎత్తు కూడా ఎక్కువే, భుజం లేచిపోతోంది. చెయ్యి వేలాడదీసి నిలబడితే మణికట్టు మడత ఎక్కడుంటుందో అంతే ఎత్తు ఉండాలి. ఆయన కర్రను కొయ్యడానికి మామ్మ మొదట ఇష్టపడలేదు. కోసిన ముక్కను దేవుడి గూట్లో పెట్టుకుంది. కింద రబ్బరు బుష్ వేశాం.

అరిగిన హవాయి చెప్పులు తీసేయించాం. వాటిని వేళ్లతో పట్టి ఉంచాలి, స్పర్శ లేని పాదం ఆ పని చేయలేదు. వెనక పట్టీ ఉండి, వెల్‌క్రోతో బిగించే మెత్తటి చెప్పులు కొన్నారు. రోజూ రాత్రి అరికాళ్లు చూసే పని మనవరాలిది. ఎండాకాలం ఇసుకలో ఒట్టి కాళ్లతో నడిస్తే బొబ్బ లేచినా మామ్మకి తెలియదు. బాత్రూమ్ మెట్ల పక్కన జీఐ పైపు పాతించాం, మంచం నుంచి అక్కడిదాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టించాం.

ఇసుక మీద నడక విడిగా నేర్పాల్సిన విషయం. మడమ దిగబడుతుంది, ప్రతి అడుగుకీ కాలు ఎక్కువ ఎత్తాలి, పిరుదుకీ మడమకీ ఎక్కువ పని పడుతుంది, కర్ర మొన లోపలికి దిగిపోతుంది. పెరట్లో మూడు మీటర్ల ఇసుక పరిచి ఎనిమిదో వారం నుంచి దాని మీద నడిపించాను. కర్రకి వెడల్పాటి బుష్ వేశాం. తోట దారిలో కొడుకు 80 మీటర్లకొకటి చొప్పున మూడు చోట్ల ఇటుకలతో దిమ్మెలు కట్టాడు, ఇటుకలు పెట్టిన కొత్తలో మంచానికి ఉన్నంత ఎత్తులో. కూర్చోవడం ఎక్కడైనా కూర్చోవచ్చు, లేవగలిగే ఎత్తు ఉండాలి. ఆ మాట ఇప్పుడు అతనే నాకు చెబుతున్నాడు.

పద్నాలుగో వారం

సెప్టెంబరు నెలాఖరుకి అంకెలు ఇలా ఉన్నాయి. లేచి 3 మీటర్లు నడిచి తిరిగి కూర్చోవడానికి 16 సెకన్లు, అందులో లేవడానికి 2. చేతులు ఆనించకుండా 30 సెకన్లలో 7 సార్లు లేచింది. నడక వేగం సెకనుకు 0.8 మీటర్లు. ఒక పాదం ముందు ఒక పాదం పెట్టి 6 సెకన్లు నిలబడింది, 10 నిలవాలి. నిలబెట్టి చూస్తే బీపీ పై అంకె 10 మాత్రమే తగ్గుతోంది. క్రియాటినిన్ 1.4. కుడి పాదం స్పర్శ తిరిగి రాలేదు, వస్తుందని నేను ఇంట్లోవాళ్లకు చెప్పలేదు కూడా. అంటే పడే ప్రమాదం పోలేదు. 16 ఇంకా 12 కన్నా ఎక్కువే.

తోటకి వెళ్లిన రోజు నేనూ ఉన్నాను. పొద్దున్న 7 గంటలకే బయల్దేరాం, ఇసుక చల్లగా ఉంటుందని. మూడు దిమ్మెల మీదా ఆగింది. వెళ్లడానికి 25 నిమిషాలు పట్టింది. మొదటి చెట్టు బోదెకి చెయ్యి ఆనించి పైకి చూసింది, గెలలు లెక్కపెట్టింది, అలా ఏడెనిమిది చెట్ల దాకా వెళ్లింది. ఎవరితోనూ మాట్లాడలేదు. కొడుకు ఒక బొండం దించి ఇవ్వబోతే నేనే ఆపాల్సి వచ్చింది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, ఆమె కిడ్నీకి డాక్టరు వద్దన్నారు. రెండు గుక్కలైనా తాగనివ్వలేకపోయానని ఇప్పటికీ బాధగా ఉంది.

అక్టోబరు వానల్లో జ్వరం వచ్చి పది రోజులు మంచం మీదే ఉంది. తగ్గాక చూస్తే 30 సెకన్లలో 7 లేచే మనిషి 4 మాత్రమే లేస్తోంది. ఆ వయసులో పది రోజుల పడక అంత తినేస్తుంది. మంచం కోళ్ల కింద ఒక ఇటుక తిరిగి పెట్టి మొదలుపెట్టాం. నవంబరులో వెళ్లినప్పుడు మామ్మ వరండాలో లేదు. పెరట్లో కోడలి పక్కన బల్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నన్ను చూసి లేచి నిలబడి, పెదాలు కదుపుతూ పన్నెండు పేర్లు చదువుకుని, అప్పుడు అడుగు వేసింది. ఇటుక తీసీమని కొడుక్కి రాత్రే చెప్పేసిందట.